మోటారుకి ఏ టైమర్ బిగించాలి? టీఓడీ లెక్కతో రివ్యూ

నమస్కారం అండీ. టీఓడీ (టైమ్ ఆఫ్ డే) అంటే రోజులో వేళను బట్టి కరెంటు ధర మారే పద్ధతి. స్మార్ట్ మీటరు వచ్చిన ఇంట్లో మోటారు, గీజరు తమంతట తామే చవక వేళల్లో ఆన్ అవ్వాలంటే టైమరు కావాలి. బజారులో దొరికే రెండు రకాలూ ఇవాళ చూద్దాం. ఒకటి పిన్నుల చక్రం ఉన్న మెకానికల్ టైమరు, రెండోది డిజిటల్ వీక్లీ టైమరు.

ముందు ఒక పాత అలవాటు మార్చుకోవాలండి. చవక కరెంటు అనగానే అర్ధరాత్రి మోటారు వేద్దాం అనుకుంటాం. ఇప్పుడు చవక పగటిపూట. కారణం సోలార్. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రోజులో 8 గంటలు సోలార్ వేళలు. అప్పుడు ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ వేళల్లో, అంటే కరెంటు వాడకం బాగా పెరిగే వేళల్లో, ఇళ్లకు మామూలు ధరకు కనీసం 1.10 రెట్లు. ఈ తేడా యూనిట్ల ఛార్జీ మీదే, ఫిక్స్‌డ్ ఛార్జీ మీద కాదు. ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది రాష్ట్ర ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ధరలు నిర్ణయిస్తూ ఇచ్చే టారిఫ్ ఆర్డరులో ఉంటుంది, టైమరు సెట్ చేసే ముందు అది చూసుకోండి. పాత మీటరున్న ఇళ్లకు ఈ లెక్క లేదు, శ్లాబు ఒక్కటే.

డబ్బు సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే సుమారు ఒక యూనిట్. మోటారు, గీజరు, ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జింగ్ కలిపి నెలకు 50 యూనిట్లు పీక్ నుంచి పగటికి జరిపారనుకోండి. యూనిట్ 6 రూపాయల శ్లాబులో, నిబంధన చెప్పిన కనీస తేడాతో చూస్తే 6.60 కాస్తా 4.80 అవుతుంది. మిగిలేది 90 రూపాయలు. అదే నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంట్లో, ఆంధ్రప్రదేశ్ 2022–23 టారిఫ్ ఆర్డరు శ్లాబుల ప్రకారం, పై శ్లాబులో 20 యూనిట్లు తగ్గిస్తే 8.75 చొప్పున 175 రూపాయలు. అంటే వేళ మార్చడం కంటే వాడకం తగ్గించడమే లాభం. కాబట్టి టైమరు కొనే ముందు, సన్నగా కారే ట్యాంకు వాల్వు బాగు చేయించండి. మిక్సీ, గ్రైండరు వేళలు మార్చడం శ్రమకు తగ్గ పని కాదు. ఇక రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల వేళల జోలికి అస్సలు వెళ్లొద్దు. ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే, అప్పుడు టారిఫ్ చూస్తూ కూర్చుంటే రొయ్య ఉండదు.

సరే, టైమర్లు. మెకానికల్ రకంలో చాలావాటికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే చక్రం ఆగిపోతుంది. కొబ్బరిమట్ట తీగల మీద పడి రెండు గంటలు కరెంటు లేకపోతే, టైమరు రెండు గంటలు వెనకబడుతుంది. ఇలా నాలుగు కోతలయ్యేసరికి మధ్యాహ్నం ఆన్ అవ్వాల్సిన మోటారు సరిగ్గా పీక్‌లో ఆన్ అవుతుంది. కోనసీమ, నరసాపురం వైపు వాళ్లకు నా సలహా, ఇది వద్దు. డిజిటల్ దాంట్లో లోపలి బ్యాటరీ గడియారాన్ని నడిపిస్తూనే ఉంటుంది, తుఫాను తర్వాత మాత్రం ఒకసారి టైము సరిచూడండి.

డిజిటల్ టైమరు మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది గీజరు లాంటి లోడుకు చెప్పిన లెక్క. 2 కిలోవాట్ల గీజరు తీసుకునేది 9 ఆంపియర్ల లోపే, నేరుగా కలపొచ్చు. మోటారు అలా కాదండి, స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచేదానికి అయిదారు రెట్లు లాగుతుంది. నేరుగా కలిపితే టైమరు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి, మోటారు ఆగదు, ట్యాంకు పొంగుతూనే ఉంటుంది. అందుకని మధ్యలో కాంటాక్టరు పెట్టాలి, అంటే కాయిల్‌కి కరెంటు అందగానే పెద్ద లోడును కలిపే స్విచ్చు. టైమరు దాని కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటారు లోడు కాంటాక్టరు మీద పడాలి. కాంటాక్టరు మీద ఏసీ–3 రేటింగ్ (మోటారు లోడుకు చెప్పే లెక్క) చూసి కొనండి. కాయిల్ వైరులోనే, ట్యాంకు నిండగానే కరెంటు ఆపే ఫ్లోట్ స్విచ్ సిరీస్‌లో వేయించండి. ఎండాకాలం బోరులో నీరు దిగుతుంది, మనిషి లేనప్పుడు నడిచే మోటారుకి డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకుండా తిరిగితే ఆపేసే ఏర్పాటు) తప్పనిసరి. ఇదంతా మెయిన్ స్విచ్ తర్వాత చేసే పని, మీటరు సీలు ముట్టుకోకూడదు.

బిగించాక మీటరు దగ్గర పరీక్షించండి. బటన్ నొక్కుతూ పోతే తేదీ, టైము, మొత్తం యూనిట్లు, తర్వాత జోన్ల (పగలు, పీక్ లాంటి ధర వేళల) వారీ యూనిట్లు వస్తాయి. జోన్ రీడింగులు రాసుకుని, పగలు గంటసేపు మోటారు నడిపి మళ్లీ చూడండి. పగటి జోన్ ఒక్కటే పెరగాలి. మీటరు గడియారమే తప్పు చూపిస్తే యూనిట్లు వేరే జోన్‌లో పడతాయి, ఫోటో తీసి 1912కి ఫిర్యాదు చేయండి.

లోడు ఆపేశాక కూడా మీటరు తిరుగుతోందా? పై వాటా, కింద వాటా వేరే మీటర్లున్న ఇళ్లలో మెట్ల లైటుకో, మోటారుకో ఒకరి ఫేజు, ఇంకొకరి న్యూట్రల్ కలిపేసి ఉంటారు. ఈ మీటర్లు ఫేజు, న్యూట్రల్ రెండూ కొలిచి ఏది ఎక్కువైతే దాన్నే లెక్కిస్తాయి. అంటే ఒకే మోటారు కరెంటు రెండు బిల్లుల్లోకీ ఎక్కొచ్చు. మీటరు మీద ఎర్త్ గుర్తు వెలిగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. టైమరు పెట్టే రోజునే ఎలక్ట్రీషియన్ చేత రెండు వాటాల న్యూట్రల్ విడదీయించండి.