రెండు చేతులు, మూడు పనులు

శ్రోతలకు నమస్కారం.

మా వీధి చివర ఒక మెకానిక్ షెడ్డు ఉంది. పోలియో వచ్చినవాళ్లకి, ప్రమాదంలో కాలు పోయినవాళ్లకి స్కూటర్లకు పక్క చక్రాలు బిగిస్తాడు ఆ మెకానిక్. గేర్లు లేని స్కూటర్ తెస్తేనే చేస్తాడు, మోటార్ సైకిల్ తెస్తే వద్దంటాడు. ఎందుకని అడిగాను. "దానికి గేరూ కాలికే, వెనక బ్రేకూ కాలికే సార్. స్కూటర్‌కి రెండు బ్రేకులూ చేతికే. బండి ఆగినప్పుడు కాలు కింద పెట్టాలి, అంతే కదా! ఆ ఒక్క పని నా చక్రాలు చూసుకుంటాయి" అన్నాడు.

ఇవాళ నేను చెప్పబోయేది విమానాల గురించి. కానీ ఆ మాట కాస్త గుర్తుంచుకోండి.

ఇద్దరో నలుగురో కూర్చునే చిన్న విమానంలో పైలట్ ఎదురుగా కారు స్టీరింగ్ లాంటిది ఉంటుంది. దాన్ని యోక్ అంటారు. పక్కకి తిప్పితే విమానం ఆ పక్కకి ఒరుగుతుంది, లాగితే ముక్కు లేస్తుంది, నెడితే దిగుతుంది. ఇంజన్ జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ రెండో చేతికి. కాళ్ల దగ్గర రెండు పెడల్స్. కారు నడిపేవాళ్లు వాటిని చూసి ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటర్ అనుకుంటారు. కాదు. తోక మీద పడవ చుక్కానిలా నిలువుగా ఉండే పలకని, అంటే రడ్డర్‌ని, అటూ ఇటూ తిప్పేవి అవి. చాలా విమానాల్లో నేల మీద మలుపు తిప్పడం కూడా వాటితోనే. పెడల్ పై అంచుని మునికాళ్లతో నొక్కితే చక్రాలకు బ్రేకు పడుతుంది.

నడుము కింద చచ్చుబడిపోయిన మనిషి ఈ పెడల్స్‌ని ఏం చెయ్యాలి? జవాబు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పెడల్స్‌కి ఒక కడ్డీ తగిలించి, పైన చేతికందేలా పిడి పెడతారు. నెడితే ఒక పక్కకి, లాగితే రెండో పక్కకి రడ్డర్ తిరుగుతుంది. కొన్ని రకాలైతే నిమిషాల్లో బిగించి, పని అయ్యాక విప్పేయొచ్చు. పొద్దున వీల్‌చైర్‌లో వచ్చినవారు నేర్చుకున్న విమానాన్నే మధ్యాహ్నం ఇంకొకరు కాళ్లతో నడుపుతారు. స్పర్శ లేని కాళ్లు జారి పెడల్స్‌కి అడ్డం పడకుండా పట్టీతో కట్టుకుంటారు.

చిక్కంతా ఆ తర్వాతే. ఉన్నవి రెండు చేతులు, ఇప్పుడు పనులు మూడు. టేకాఫ్‌నే తీసుకోండి. ముందు ప్రొపెల్లర్ ఉన్న చిన్న విమానాలు చాలావరకు పూర్తి జోరుతో పరిగెత్తేటప్పుడు ఎడమకి లాగుతాయి. కుడి రడ్డర్ ఇస్తూ రన్‌వే మధ్యలో ఉంచాలి. ఎడమ చెయ్యి యోక్ మీద, కుడి చెయ్యి థ్రాటిల్ మీద ఉంటే పిడి ఎవరు పట్టుకోవాలి? అందుకే థ్రాటిల్‌ని పూర్తిగా నెట్టి, అది వెనక్కి జారకుండా పక్కనున్న చిన్న మరని బిగించి, అదే చేతిని రడ్డర్ పిడి మీదకి మారుస్తారు. దిగేటప్పుడు ఆ ఉపాయం పారదు. పక్కగాలి ఉంటే యోక్, రడ్డర్, థ్రాటిల్ మూడూ కదులుతూనే ఉండాలి. ఒక పొయ్యి మీద పాలు పొంగుతుంటే, ఇంకో పొయ్యి మీద పోపు మాడుతుంటే ఒంటిచేత్తో గరిట తిప్పినట్టు, ఆ కుడి చెయ్యి రెండింటి మధ్యా తిరుగుతూ ఉంటుంది. దీనికే ఎక్కువ ప్రాక్టీసు కావాలి. కొన్ని ఏర్పాట్లలో పిడికే థ్రాటిల్ కూడా అమర్చి ఈ టెన్షన్ తగ్గించారు.

మరి బ్రేకు? ఇక్కడే మా మెకానిక్ మాట పనికొస్తుంది. పైపర్ కంపెనీ చెరోకీ రకం విమానాల్లో ప్యానెల్ కింద రెండు చక్రాలకూ కలిపి ఒక చేతి బ్రేకు ఉంటుంది. వికలాంగుల కోసం పెట్టింది కాదు, మొదటినుంచీ ఉన్నదే.

రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోగిన బ్రిటిష్ పైలట్ డగ్లస్ బేడర్ సంగతీ ఇంతే. 1931 డిసెంబర్‌లో నేలకి మరీ దగ్గరగా విన్యాసాలు చేయబోయి కూలి, రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. తప్పు తనదే. ఎయిర్‌ఫోర్స్ ఇంటికి పంపేసింది, యుద్ధం రాగానే 1939లో మళ్లీ తీసుకుంది. లోహపు కాళ్లతో పెడల్ నెట్టగలడు కానీ చీలమండ ఆడించి బ్రేకు నొక్కలేడు. అదృష్టం ఏమిటంటే ఆయన నడిపిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానంలో బ్రేకు సైకిల్ బ్రేకులా చేతి పట్టుకే ఉండేది. 1941 ఆగస్టులో ఫ్రాన్స్ మీద ఎగురుతూ విమానంలోంచి దూకేయాల్సి వచ్చినప్పుడు కుడి కాలు కాక్‌పిట్‌లో ఇరుక్కుపోయింది. పట్టీ తెగి కాలు విమానంతో పోయింది, మనిషి పారాచూట్‌తో దిగాడు. అసలు కాలే అయితే ఆయనా విమానంతోనే పోయేవాడు.

ఇంకో విమానం ఉంది, ఎర్‌కూప్. అమెరికాలో ఫ్రెడ్ వీక్ అనే ఇంజనీరు 1930లలో గీశాడు. మామూలు మనుషులు కారంత తేలిగ్గా నడపాలి, గిరికీలు కొట్టి కూలకూడదు, అదే ఆయన పట్టుదల. అందుకని పెడల్స్ తీసేసి రడ్డర్‌ని యోక్‌కే కలిపేశాడు. పాత పైలట్లకి దీన్ని చూస్తే చిరాకు. పక్కగాలిలో ఇది ముక్కు ఓ పక్కకి పెట్టి పీతలా వచ్చి వాలుతుంది, చక్రాలు నేలకి తగిలాక తనే సర్దుకుంటుంది. దాదాపు 70 ఏళ్ల తర్వాత, పుట్టుకతోనే రెండు చేతులూ లేని జెస్సికా కాక్స్ అనే అమెరికన్ అమ్మాయి ఈ ఎర్‌కూప్‌లోనే నేర్చుకుంది. ఒక పాదం యోక్ మీద, ఒక పాదం థ్రాటిల్ మీద. పెడల్స్ ఉండుంటే మూడో పాదం కావాల్సొచ్చేది. 2008 అక్టోబర్‌లో ఆమెకి పైలట్ సర్టిఫికెట్ వచ్చింది.

ఎగరడం గురించి ఇంత చెప్పాను గానీ, ఎక్కడం అంతకంటే కష్టం. చెరోకీకి తలుపు ఒక్కటే, అదీ కుడివైపు, రెక్క మీద. వీల్‌చైర్ నుంచి రెక్క మీదకి చేతులతో శరీరాన్ని ఎత్తుకుని, కూర్చునే పైకి జరిగి, కుడి సీటు దాటి ఎడమ సీటులోకి వెళ్లాలి. తర్వాత ఆ వీల్‌చైర్ మడిచి వెనక పెట్టడానికి కింద ఇంకో మనిషి ఉండాలి. దాని బరువు కూడా లెక్కలో రాసుకోవాలి. లైసెన్సు ఇచ్చేముందు పరీక్షకులు పక్క సీట్లో కూర్చుని ఇవన్నీ ఎలా చేస్తున్నారో చూస్తారు. బిగించే కడ్డీకి విమానయాన నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. షెడ్డులో వెల్డింగ్ కొట్టించి తెస్తే ఒప్పుకోరు.

ఈ ప్రసంగం రాసుకుంటున్నప్పుడు మా మెకానిక్‌కి ఈ సంగతి చెప్పాను. కాళ్లు లేనివాళ్లు విమానం నడుపుతారంటే ఆశ్చర్యపోతాడనుకున్నాను. అతను స్పానర్ దించకుండానే అడిగాడు: "బ్రేకు చేతికా సార్, కాలికా?"