చెత్త తీసుకెళ్లడానికి ఎంత ఇస్తారు?

శ్రోతలకు నమస్కారం.

సర్వే చేసే మనిషి ఒకరు మీ ఇంటికొచ్చి, "రోజూ చెత్త తీసుకెళ్తాం, వీధి శుభ్రంగా ఉంచుతాం, నెలకు ఎంత ఇస్తారు?" అని అడిగారనుకోండి. కొందరు ఏదో ఒక అంకె చెబుతారు. కొందరు "చిల్లిగవ్వ కూడా ఇవ్వం" అని తలుపేసుకుంటారు.

నాకు ఆ తలుపేసుకున్నవాళ్ల మీదే ఎక్కువ ఆసక్తి. వాళ్లకి శుభ్రత అక్కర్లేదని రాసేసుకుంటే లెక్క తప్పుతుంది. అందులో ఒకరికి నిజంగానే డబ్బు లేదు. ఇంకొకరికి "పన్ను కడుతూనే ఉన్నాం కదా, మళ్లీ ఇదేంటి?" అని కోపం. మరొకరికేమో డబ్బు కట్టాక బండి వస్తుందన్న నమ్మకం లేదు. కాగితం మీద ముగ్గురి జవాబూ సున్నాయే. ఆర్థికవేత్తలు మాత్రం చివరి ఇద్దరిదీ నిరసన సున్నా అని విడదీస్తారు. ఆ ఇద్దరికీ రేటు తగ్గించి లాభం లేదు. బండి రావడం మొదలైతే వాళ్లలో కొందరైనా మెత్తబడతారు. అందుకే ముందు సేవ, తర్వాత ఫీజు అనే వరసే మంచిదని నా అభిప్రాయం. చాలాచోట్ల రసీదు పుస్తకం ముందొస్తుంది, బండి తర్వాతొస్తుంది!

బజారులో ధర లేని వాటి విలువను ఇలా జనాన్నే అడిగి తెలుసుకోవచ్చని 1947లో సిరియాసీ-వాంట్రప్ అనే ఆర్థికవేత్త సూచించారు. 1989లో అమెరికాలోని అలాస్కా తీరంలో ఓడ నుంచి చమురు ఒలికాక, ప్రకృతికి జరిగిన నష్టాన్ని కూడా ఇలాగే జనాన్ని అడిగి లెక్కకట్టబోతే, అలా వచ్చిన అంకెల్ని నమ్మవచ్చా అని పెద్ద గొడవే జరిగింది. దాన్ని తేల్చడానికి వేసిన కమిటీకి నోబెల్ గ్రహీతలు కెనెత్ యారో, రాబర్ట్ సోలో నాయకత్వం వహించారు. "ఎంతిస్తారు?" అని వదిలేయకండి, "ఇంత అయితే ఔనా, కాదా?" అని ఓటు అడిగినట్టు అడగండి, ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లోంచే పోతుందని గుర్తు చేయండి అని 1993లో వాళ్లు చెప్పారు. నోటితో ఇచ్చేటప్పుడు మన చెయ్యి కాస్త పెద్దదే మరి.

ఇక ఖర్చు సంగతి. ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక ప్రకారం 2016లో ప్రపంచమంతా కలిపి దాదాపు 201 కోట్ల టన్నుల చెత్త పోగైంది. 2050 నాటికి అది 340 కోట్లకు చేరవచ్చట. పేద దేశాల్లో మున్సిపాలిటీల బడ్జెట్‌లో సగటున 20 శాతం దీనికే పోతోంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం చెత్తను ఎత్తి, మోయడానికే సరిపోతుంది. మనం ఇష్టంగా ఇచ్చేది కూడా దానికే. గుమ్మం ముందు బకెట్ ఖాళీ అయితే మనకు కళ్లకు కనబడుతుంది. డంపింగ్ యార్డులో మురుగునీరు భూమిలోకి దిగకుండా అడుగున పొర వేశారా, కుళ్లే చెత్త నుంచి వచ్చే మీథేన్ వాయువును పట్టి వాడుతున్నారా అన్నది ఎవరికి కనబడుతుంది?

సంచికింత అని వసూలు చేస్తే చెత్త తగ్గదా? కొంత తగ్గుతుంది. దక్షిణ కొరియాలో 1995 నుంచి దేశమంతటా ఈ పద్ధతే. కానీ మనుషులు తెలివైనవాళ్లు. అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో 1992లో సంచికి 80 సెంట్లు పెట్టారు. ఇద్దరు ఆర్థికవేత్తలు కొన్ని ఇళ్ల చెత్తను ముందూ తర్వాతా కొలిచి చూస్తే, సంచులు 37 శాతం తగ్గాయి, బరువు మాత్రం 14 శాతమే తగ్గింది. అదే చెత్తను తొక్కి తొక్కి తక్కువ సంచుల్లో కుక్కారన్నమాట. కొందరు ఇతరుల డబ్బాల్లోనూ, దారి పక్కనా పడేసి ఉంటారని కూడా వాళ్లు అనుమానించారు. కాబట్టి ఫీజు పెట్టేవాళ్లు రీసైక్లింగ్‌కు ఇచ్చే పొడి చెత్తను ఉచితంగా తీసుకెళ్లే ఏర్పాటు కూడా చేయాలి.

మరో మాట. నగరంలో ఇంటింటికీ తిరిగే సర్వే డంపింగ్ యార్డు పక్కన బతికేవాళ్ల దాకా వెళ్లేది తక్కువ. వెళ్లినా, వాళ్లను అడగాల్సింది "ఎంతిస్తారు?" అని కాదు, "ఈ గుట్టను భరించడానికి ఎంత తీసుకుంటారు?" అని. ఇలా తిప్పి అడిగితే సాధారణంగా జనం చెప్పే అంకె చాలా పెద్దదిగా ఉంటుంది. నెల ఫీజు నిర్ణయించే అధికారుల బల్ల మీద ఆ అంకె కూడా ఉండాలి.

సెలవు. నమస్కారం.