ఓమ్ని వ్యాన్‌లో మీటర్ ముళ్లు తప్పు చూపిస్తున్నాయా? బోర్డు మార్చకముందే ఇవి చూడండి

అందరికీ నమస్కారం. ఈరోజు చూసేది కేబుల్ స్పీడోమీటర్ ఉన్న పాత మారుతి ఓమ్ని. పెట్రోల్ ముల్లు ఓసారి సగం, ఓసారి సున్నా. టెంపరేచర్ ముల్లు అసలు లేవడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది స్క్రాప్‌లో పాత మీటర్ బోర్డు కొని బిగించేస్తారు. దండగ ఖర్చండీ అది. పైగా కొత్తగా వచ్చిన బోర్డులో వేరే బండి తిరిగిన కిలోమీటర్లు ఉంటాయి. బోర్డు కన్నా ముందు పాడయ్యేవి ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే కనెక్షన్), కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ట్యాంక్ యూనిట్ (ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో కొలిచే భాగం).

ముందుగా, రెండు ముళ్లూ తప్పు చూపిస్తున్నాయా, ఒక్కటేనా చూడండి. రెండూ లేవకపోతే ఫ్యూజ్, ఆ తర్వాత బోర్డుకొచ్చే కరెంటు. హెడ్‌లైట్ వేయగానే రెండూ కదిలితే మాత్రం అనుమానం ఎర్త్ మీదే. మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల పిన్ను బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర పిన్ను బోర్డు ఎర్త్ వైరుకి ఆనించండి. లైట్లు వెలుగుతుండగా 0.1, 0.2 వోల్టు వస్తే ఫర్వాలేదు. అర వోల్టు దాటిందా, ఎర్త్ బోల్టు విప్పి, తుప్పంతా ఎమరీ పేపర్‌తో గీకి, ఇనుము మెరిశాక గట్టిగా బిగించండి.

పెట్రోల్ ముల్లు ఒక్కటే తేడా చేస్తే ట్యాంక్ యూనిట్ కప్లర్ ఊడదీయండి. మీటర్‌కి వెళ్లే వైరును 12 వోల్టుల 3.4 వాట్ల బల్బు మీదుగా బాడీకి కలపండి. నేరుగా కలపొద్దు, కరెంటు ఎక్కువై మీటర్ కాలొచ్చు. కీ ఆన్ చేస్తే బల్బు వెలిగి, కొన్ని సెకన్లలో ముల్లు కదలాలి. కదిలిందంటే మీటరూ వైరూ బాగున్నట్టే, తప్పు ట్యాంక్ యూనిట్‌లో ఉంది.

బ్యాటరీ నెగటివ్ తీసేశాకే యూనిట్ బయటికి తీయండి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఇదిగో, దగ్గరగా చూడండి. ఈ పట్టీకి వెంట్రుకంత సన్నని తీగ చుట్టి ఉంది, దానిమీద ఈ చిన్న రేకు జారుతుంది. జారే దారంతా నల్లబడింది చూశారా? ముల్లు ఎగిరిపడేది ఇందుకే. మల్టీమీటర్ ఓమ్స్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచే చోట పెట్టి, ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే బుడ్డ) ఉన్న చెయ్యిని మెల్లగా ఎత్తండి. ఓమ్స్ ఎక్కడా తెగకుండా నెమ్మదిగా తగ్గుతూ రావాలి. రీడింగ్ మధ్యలో తెగిపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. ఎమరీ పేపర్ ఇక్కడ వాడితే తీగ తెగిపోతుంది. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడండి, లోపల పెట్రోల్ చప్పుడైతే మార్చేయాల్సిందే.

స్పీడోమీటర్ ముల్లు వణికితే కేబుల్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో మడత పడి ఉంటుంది. లోపలి తీగకు పల్చగా గ్రీజు పట్టించండి, మీటర్ వైపు జానెడు వదిలేయండి. లేకపోతే గ్రీజు మీటర్‌లోకి పాకుతుంది.

ఇక టెంపరేచర్, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. ముందు సీటు కింద, ఇంజన్ మీద, ఒకే వైరు వచ్చే ఇత్తడి సెన్సార్ ఉంటుంది. ఇక్కడా అదే బల్బు పరీక్ష. ముల్లు కదిలితే సెన్సార్ మార్చండి. దీనికి ఎర్త్ మర మీదుగానే అందుతుంది, అందుకే టెఫ్లాన్ టేపు మందంగా చుట్టొద్దు. సెన్సారూ మంచిదే, వైరూ మంచిదే, అయినా ముల్లు చల్లగానే చూపిస్తోందంటే వెంటనే కూలెంట్ చూడాలి. కూలెంట్ తగ్గి సెన్సార్ చుట్టూ గాలే మిగిలితే, ఇంజన్ కాలిపోతున్నా ముల్లు లేవదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక క్యాప్ తీసి, కూలెంట్ నింపి, ఇంజన్ తిప్పి గాలి బుడగలు ఆగేదాకా ఉంచి, అప్పుడు ముల్లు మళ్లీ చూడండి.