ఏటికి అటూ ఇటూ
(పర్లాకిమిడిలో గిడుగు జయంతి సభలో చేసిన ప్రసంగం పాఠం)

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకీ, ముందు వరసలో కూచున్న మా బడి మాస్టారికీ నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే ఎవరో ఒకరిని మరిచిపోతాను, ఆ మరిచిపోయినవారే రేపు సంతలో ఎదురవుతారు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

నన్ను గిడుగు వారి గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కాకపోతే నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. ఉద్యోగమంతా పన్నుల లెక్కలతోనే గడిచింది. ఫలానా సరుకు మీద రేటు పెంచితే ఖజానాకి ఎంత వస్తుంది, తగ్గిస్తే ఎంత పోతుంది, ఆ బరువు చివరికి ఎవరి నెత్తిన పడుతుంది అని ముందే లెక్కగట్టి పైకి నోట్ పంపడం నా పని. ఏ ఆఫీసని అడక్కండి, చెప్పను. తప్పు నాది, ఆఫీసు పేరెందుకు?

గిడుగు వారు 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసిందన్న బాధతో రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఈ వేదిక మీద ఆ మాట వింటూనే ఉన్నాం. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు, అది పన్నుల కథ గనక. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. సారా మీద వచ్చే రాబడి పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో జనరల్ సేల్స్ టాక్స్ తెచ్చారు. మనం అప్పటికే మద్రాసు నుంచి విడిపోయాం. ఒడిశాలో అమ్మకం పన్ను చట్టం 1947 దాకా రాలేదు. అంటే ఎనిమిదేళ్లపాటు ఏటికి అవతల, మద్రాసు వైపే ఉండిపోయిన పాతపట్నంలో ఆ పన్ను ఉంది, ఇవతల మనకి లేదు. ఆ ఎనిమిదేళ్లలో సంచులు ఎటు నుంచి ఎటు నడిచి ఉంటాయో ఇక్కడున్న కోమటి పెద్దల్ని అడగండి, వాళ్ల తాతలు చెప్పే ఉంటారు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఇది చెప్పాలనే వచ్చాను, దాచడం దేనికి.

అమ్మకం పన్ను స్థానంలో వ్యాట్ ఇంకా రాలేదు, అంటే 2005 ఏప్రిల్‌కి ముందు మాట. వంటనూనె మీద రేటు కాస్త పెంచితే ఎంతొస్తుందో లెక్క కావాలన్నారు. నిరుటి అమ్మకం తీసుకున్నాను, కొత్త రేటుతో గుణించాను, పాతది తీసేశాను. మిగిలిందే లాభం. మూడు పేజీల నోట్. పై అధికారి చూసి, బాగుందయ్యా, శుభ్రంగా ఉంది అన్నారు. ఆ సంతోషంతో సంక్రాంతికి ఇంటికొచ్చాను. వంటింట్లో నూనె డబ్బా మీద పాతపట్నం కొట్టు చీటీ అతికించి ఉంది.

"ఏటమ్మా, ఇక్కడ దొరకదా?" అన్నాను.

"దొరక్కేం, దొరుకుతాది. అటేపు సవక. నడిచెల్లి నడిచొస్తే ఖర్చేటుంది? పక్కింటోళ్లకి కూడా రెండు డబ్బాలు తెచ్చీసినాను. మీ ఆఫీసోళ్లకి తెలీదా ఏటి?"

తెలీదు. నా మూడు పేజీల్లో మా అమ్మ లేదు. నోట్ రాసినవాడి తల్లే ఏరు దాటి కొనుక్కుంటోంది, రాసినవాడికి ఆ సంగతి తెలీదు. పోనీ నూనె ఒక్కటేనా? నూనె కోసం వెళ్లినావిడ నూనె ఒక్కటే తెచ్చుకుంటుందా? ఆ చేత్తోనే సబ్బులు, అగరవత్తులు, చీపురు, మనవలకి బిస్కెట్లు. నూనె మీద పెంచిన రేటు ఈ ఊళ్లో సబ్బు అమ్మకాన్ని కూడా మింగుతుంది. నా గుణకారంలో దానికి గడే లేదు.

పండగయ్యాక వెళ్లి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. శుభ్రంగా ఉందని అనిపించుకున్న కాగితాన్ని నా చేత్తో నేనే కొట్టేసుకోడానికి ధైర్యం చాల్లేదు. చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్దాయనతో ఈ సంగతి అంటే, "సరిహద్దు ఎంత, రాష్ట్రమెంత? నీ ఏటి పక్క ఊళ్లు మొత్తం లెక్కలో పైసలు కూడా కావు" అన్నారు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది నిజమే. కానీ మన బజారులో కొట్టు పెట్టుకున్నవాడికి రాష్ట్రం మొత్తం ఎందుకండీ? ఆ నాలుగు వీధులే వాడి రాష్ట్రం.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది, నూనెకి రెండు గట్ల మీదా ఒకటే రేటు. సరిహద్దులో గిరిసోల చెక్ గేటు దగ్గర లారీల వరస కూడా పోయింది. మంచిదే. అయితే పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీ బయటే ఉండిపోయాయి. ఇప్పుడు చూడండి తమాషా. ఆంధ్రాలో పెట్రోలు మీద 31 శాతం వ్యాటు, దాని పైన లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. మన దగ్గర 28 శాతం. అప్పుడు అమ్మ డబ్బా పట్టుకుని అటు వెళ్లేది, ఇప్పుడు వాళ్లు బళ్లు వేసుకుని ఇటొస్తున్నారు. అవతల అమరావతిలో నాలాంటివాడు ఎవడో కూచుని, నిరుటి అమ్మకాన్ని రేటుతో గుణిస్తూనే ఉంటాడు. వాడి తల్లి సరిహద్దు ఊరు ఇచ్ఛాపురంలో ఉంటే బాగుణ్ణు.

ఇంక రాష్ట్రం చేతిలో ఏముంది, అంతా ఢిల్లీయే కదా అంటారు. పూర్తిగా అలా కాదు. కేంద్ర, రాష్ట్ర మంత్రులు కూచుని రేట్లు తేల్చే జీఎస్టీ కౌన్సిల్లో ఓట్ల బలం మూడింట ఒక వంతు కేంద్రానిది, రెండు వంతులు రాష్ట్రాలది. ఏదైనా నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. ఒకరు రెండో వారిని ఒప్పించుకోవలసిందే. రేట్ల సంగతి ముందు కేంద్ర, రాష్ట్ర అధికారులుండే ఫిట్‌మెంట్ కమిటీ సరుకు సరుకుగా చూస్తుంది. అక్కడ పనికొచ్చేది ఉపన్యాసం కాదు, కాగితం. విస్తరాకు మీద 5 శాతం పన్ను ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? అడవిలో ఆకు ఏరి, పుల్లతో కుట్టిన విస్తరికి పన్ను! ఎండు చింతపండుకీ అంతే. 2019 సెప్టెంబరులో గోవాలో జరిగిన కౌన్సిల్ 37వ సమావేశంలో రెండూ తీసేశారు. బీడీలు చుట్టే కెందు ఆకు, తెలంగాణవాళ్లు తునికాకు అంటారే, దాని మీద 18 శాతం ఉండేది. తగ్గించమని ఒడిశా ఏళ్ల తరబడి అడిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 అయింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఆకు ఏరే సవర గిరిజన ఆడబిడ్డకి రేటంటే తెలీదు, కట్టకి ఎంతిచ్చారో తెలుసు. ఆ కట్ట లెక్క ఇంగ్లీషు నోట్‌లోకి ఎక్కడానికి అన్నేళ్లు.

గిడుగు వారి దగ్గరికే వస్తున్నాను, అధ్యక్షులవారు కంగారు పడకండి. సవర మాట నేర్చుకోడానికి ఆయన ఏం చేశారు? ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని విని నేర్చుకున్నారు. వ్యాకరణం ఆ తర్వాత రాశారు. మేం వ్యాకరణం ముందు రాశాం.

ఇక్కడ కొట్లున్నవాళ్లు చేతులెత్తండి. పెట్రోలు బంకులో పనిచేసే కుర్రాళ్లు కూడా. ఎత్తండి బాబూ, మొహమాటమేమిటి, పన్నుకి రాలేదు నేను. ఒక నెల రోజులు మీరు ఒక పని చేసిపెట్టాలి. ఏరు దాటి ఎవరు ఏం కొనుక్కెళ్తున్నారు, ఇటువాళ్లు అటు వెళ్లి ఏం తెచ్చుకుంటున్నారు, ఎందుకు, ఎంత తేడాకి, రోజూ రెండు వరసలు రాయండి. తెలుగులో రాయండి, ఒడియాలో రాయండి, మీ ఇష్టం. మనుషుల పేర్లు వద్దు, సరుకూ ధరా చాలు. దాన్ని పట్టికగా వేసి భువనేశ్వరానికీ అమరావతికీ రెండు చోట్లకీ పంపే పూచీ నాది. చదువుతారా లేదా అంటే, ఏమో. చదవకపోతే మళ్లీ పంపుతాను, రిటైరైనవాడికి వేరే పనేముంది?

నోటు పుస్తకాలు ఒక కట్ట తెచ్చాను, మెట్ల దగ్గర బల్ల మీద పెట్టాను, వెళ్తూ తలా ఒకటి పట్టుకెళ్లండి. గిడుగు వారి గురించి ఇప్పుడు మా మాస్టారు మాట్లాడతారు. ఆయన నాకన్నా బాగా చెబుతారు.