4కే డిస్కా, ఓటీటీనా? మీ టీవీలోనే తేల్చుకోండి

నమస్తే అండి. సౌండ్ వస్తోందా? ఆ, మీటర్ కదులుతోంది, వస్తోంది.

ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. "అన్నా, ఓటీటీలో కూడా 4కే అనే రాసి ఉంటుంది కదా, మళ్లీ డబ్బులు పెట్టి డిస్క్ కొనడం దేనికి?" అని. నేను నోటితో ఎంత చెప్పినా అది నా మాటే అవుతుంది. అందుకని ఇవాళ మీ ఇంట్లో, మీ టీవీలో, మీ కళ్లతో ఎలా పోల్చుకోవాలో చూపిస్తాను. పెద్ద పనేం కాదు. ఒక్కచోట మాత్రం కాలు జారుతుంది. నేనూ జారాను, అక్కడికొచ్చాక చెప్తాను.

ఇదిగో, టేబుల్ మీద చూడండి. టీవీ 55 అంగుళాలది. ప్లేయర్ స్థానంలో పీఎస్5, అంటే సోనీ గేమ్ కన్సోల్, డిస్క్ పెట్టేది, డిజిటల్ ఎడిషన్ కాదు. పీఎస్4లో 4కే డిస్క్ ఆడదు, అది ఉంది కదా అని డిస్క్ కొనెయ్యకండి. విడిగా ప్లేయర్ కొందామన్నా ఇప్పుడు పెద్దగా దొరకడం లేదు. ఒప్పో 2018లోనే మానేసింది, శాంసంగ్ 2019లో మానేసింది. సోనీ, పానాసోనిక్‌వి ఉన్నాయి.

డిస్క్ ఇది, ఆపెన్‌హైమర్ సినిమా. డాలస్ నుంచి మా బావగారు తెచ్చారు. అక్కడ కొన్నది ఇక్కడ ఆడుతుందా అని టెన్షన్ అక్కర్లేదు, 4కే డిస్కులకి రీజియన్ గొడవ లేదు. మామూలు బ్లూరేకి ఉంటుంది. అమెరికాది ఏ, మనది సి. ఇదే కవర్‌లో మామూలు బ్లూరే కూడా ఇస్తారు, అది మన ప్లేయర్ తీసుకోకపోవచ్చు. డిస్క్ మీద 4కే అల్ట్రా హెచ్‌డీ అని ఉంటుంది, అది పెట్టండి.

ఈ సినిమానే ఎందుకంటే, దీన్ని డిజిటల్ కెమెరాతో తియ్యలేదు. 65 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. నలుపు తెలుపు సీన్ల కోసమైతే కొడాక్ వాళ్లు 65 ఎంఎంలో నలుపు తెలుపు ఫిల్మ్‌ని కొత్తగా తయారు చేసిచ్చారు. ఫిల్మ్ అంటే గ్రెయిన్ ఉంటుంది. గ్రెయిన్ అంటే బొమ్మ మీద సన్నగా, బొంబాయి రవ్వ చల్లినట్టు కదులుతూ ఉంటుంది చూడండి, అది. ఓటీటీకి అసలు పరీక్ష అక్కడే. ప్రతి ఫ్రేమ్‌లో రవ్వ మారిపోతూ ఉంటుంది. వీడియోని కంప్రెస్ చేసేవాడికి, అంటే కుదించేవాడికి, అంతకంటే తలనొప్పి లేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం, క్యాలిక్యులేటర్ తెరుస్తున్నాను. సినిమా మూడు గంటలు. మూడు గంటలంటే 10,800 సెకన్లు. 4కే డిస్కుల్లో పెద్దది 100 జీబీ. అది నిండా వాడితే సెకనుకి... ఇదిగో, 74 మెగాబిట్లు. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ సంగతి. 4కేకి 15 ఎంబీపీఎస్, అంటే సెకనుకి 15 మెగాబిట్ల నెట్ ఉంటే చాలంటుంది. ఆ 15 మొత్తం సినిమాకే వాడిందనుకున్నా మూడు గంటలకి 20 జీబీ. అంతే.

అమెరికా వెళ్లేవాళ్ల సూట్‌కేసు గుర్తు తెచ్చుకోండి. 23 కిలోలు. అమ్మ సున్నుండలు, ఆవకాయ, కందిపొడి, నాలుగు చీరలు, అన్నీ పెట్టేస్తుంది. కాటా మీద 31 వస్తుంది. ఇక తియ్యడం మొదలవుతుంది. ఏం తీస్తాం? లేదని వెంటనే తెలియనివి తీస్తాం. ఓటీటీ ఎన్‌కోడర్, అంటే ఆ కుదించే సాఫ్ట్‌వేర్, చేసేది అదే పని. మొహం ఉంచుతుంది, కళ్లు ఉంచుతుంది. వెనక గోడ మీద చీకటి, పొగ, ఆ రవ్వ, వీటిని తీసేస్తుంది. ఎవరు చూస్తారులే అని.

అలాగని డిస్క్ అయిదు రెట్లు బాగుంటుందనుకోకండి. అలా లెక్క కుదరదు. కంప్రెషన్ ఇప్పుడు చాలా తెలివి మీరింది. ఏవీ1 అని కొత్తది ఉంది, అందులో గ్రెయిన్ మొత్తం తీసేసి పంపించి, మీ టీవీలోకి వచ్చాక కొత్త గ్రెయిన్ చల్లుతారు. నెట్‌ఫ్లిక్స్ వాడుతోంది కూడా. పాలపొడిలో నీళ్లు కలిపినట్టు అన్నమాట. కాఫీ బాగానే ఉంటుంది, పాలు మాత్రం అవి కావు.

సరే, పనిలోకి. హెచ్‌డీఎంఐ కేబుల్ ఇటు, ఇటు. పెట్టేశాను. డిస్క్ లోపలికి. ప్లే. ఓటీటీ యాప్‌లో అదే సినిమా. మీకిదంతా తెలిసిందే, ముందుకెళ్దాం.

ఇక ఇక్కడ. ఇక్కడ కాస్త ఆగండి. నేను బోల్తా పడింది ఇక్కడే.

మొదటిసారి పోల్చినప్పుడు ఓటీటీని టీవీలో ఉన్న యాప్‌లోనే చూశాను. డిస్క్ హెచ్‌డీఎంఐ 2 లో. చూస్తే డిస్క్ దరిద్రంగా ఉంది. మొహాలు ఎర్రగా, అంచుల చుట్టూ తెల్ల గీత, మనుషులు సీరియల్‌లో లాగా జారిపోతూ నడుస్తున్నారు. ఓటీటీ చక్కగా సినిమాలా ఉంది. రెండు వారాలు, రెండు వారాలండీ, అందరికీ చెప్పుకుంటూ తిరిగాను, డిస్క్ దండగ అని. బావగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆయన పాపం ఏమీ అనలేదు.

విషయం ఏంటంటే, టీవీలో పిక్చర్ సెట్టింగ్ ఒకటే ఉండదు. చాలా టీవీల్లో ఒక్కో ఇన్‌పుట్‌కి ఒక్కో సెట్టింగ్ విడివిడిగా గుర్తుంటుంది. నేను ఎప్పుడో యాప్‌లో ఉండగా సినిమా మోడ్ పెట్టుకున్నాను. అది యాప్ వరకే. హెచ్‌డీఎంఐ 2 మాత్రం షోరూమ్‌లో ఉన్నట్టే, రంగులు మరీ ఎక్కువ చేసే వివిడ్ మోడ్‌లో ఉండిపోయింది. ఇక్కడితో అయిపోలేదు. అదే ఇన్‌పుట్‌లో కూడా మామూలు వీడియోకి ఒక సెట్టింగ్, వెలుగునీడలు, రంగులు ఇంకా బాగా చూపించే హెచ్‌డీఆర్‌కి ఇంకొకటి, హెచ్‌డీఆర్‌లోనే ఇంకో రకమైన డాల్బీ విజన్‌కి ఇంకొకటి. అంటే బొమ్మ ఆడుతూ ఉన్నప్పుడే సెట్టింగ్‌లోకి వెళ్లాలి. మెనూలో ఉన్నప్పుడు మార్చి, నేను మార్చేశాను అనుకుంటే, మీరు మార్చింది వేరేది. ఇది రాసుకోండి. బొమ్మ ఆడుతూ ఉండగా మార్చాలి.

చూపిస్తాను. డిస్క్ ఆడుతోంది. పైన మూల హెచ్‌డీఆర్ అని వచ్చింది చూశారా, ఇప్పుడు సెట్టింగ్స్. పిక్చర్ మోడ్, ఫిల్మ్‌మేకర్. అది లేకపోతే సినిమా. మోషన్ స్మూతింగ్ తీసెయ్యండి, మనుషులు సీరియల్‌లో లాగా జారిపోయేది దీనివల్లే. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, ఏదైతేనేం, ఆఫ్. నాయిస్ రిడక్షన్ ఆఫ్. ఇది ముఖ్యం, మనం చూడాలనుకున్న రవ్వనే ఇది తుడిచేస్తుంది. షార్ప్‌నెస్ తగ్గించండి. సోనీ వాళ్లు జాగ్రత్త, మీ టీవీలో 50 అంటే ఏమీ కలపనట్టు లెక్క, సున్నాకి తెస్తే మసకబారుతుంది. లైట్‌ని బట్టి వెలుగు మార్చేది, ఏఐ అని రాసున్నవి, అన్నీ ఆఫ్.

అయిందా? ఇప్పుడు ఓటీటీ యాప్‌కి వెళ్లి, సినిమా పెట్టి, ఆడుతూ ఉండగా మళ్లీ ఇదంతా చెయ్యాలి. మొత్తం. అవును, మళ్లీ.

ఇంకొకటి మర్చిపోయాను. డిస్క్ పెట్టినా హెచ్‌డీఆర్ రావడం లేదు, కలర్ చచ్చిపోయినట్టుంది అంటే, టీవీలో ఆ హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి ఒక స్విచ్ ఉంటుంది. ఎల్‌జీలో డీప్ కలర్ అని, సోనీలో సిగ్నల్ ఫార్మాట్ దగ్గర ఎన్‌హాన్స్‌డ్ అని, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని. అది ఆన్ చెయ్యండి.

ఇదంతా ఎందుకురా బాబూ అనిపిస్తే, నా అడ్డదారి చెప్తాను. ఇప్పుడు నేను చేసేది ఇదే. ఓటీటీ యాప్ కూడా పీఎస్5లోనే పెట్టుకుంటాను. డిస్క్, ఓటీటీ రెండూ అదే కేబుల్‌లో, అదే పోర్ట్‌లోకి వస్తాయి. పీఎస్5లో డాల్బీ విజన్ లేదు. మామూలుగా అది లోపమే, మనకి ఇక్కడ కలిసొచ్చింది, రెండూ మామూలు హెచ్‌డీఆర్, అంటే హెచ్‌డీఆర్10 లోనే వస్తాయి. సెట్టింగ్ ఒక్కసారి చేస్తే చాలు.

ఇప్పుడు ఓటీటీకి అన్యాయం జరక్కుండా చూడాలి. మీ ప్లాన్‌లో 4కే ఉందో లేదో చూసుకోండి. వైఫై కాకుండా నెట్ కేబుల్ పెట్టండి, మూడొందల రూపాయల్లోపే, నేను సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నాను. ఆపైన సీన్‌లోకి దూకగానే జడ్జిమెంట్ ఇచ్చెయ్యకండి. దూకినప్పుడు ముందు తక్కువ క్వాలిటీ వచ్చి మెల్లగా పెరుగుతుంది. కావలసిన సీన్‌కి రెండు నిమిషాలు వెనక పెట్టి, అలా ఆడనివ్వండి. కంప్యూటర్‌లో నెట్‌ఫ్లిక్స్ చూసేవాళ్లు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, డి నొక్కితే ఎంత బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా, వస్తోందో అంకెలు కనిపిస్తాయి. నాకు భలే ఇష్టం అది, సినిమా వదిలేసి అంకెలు చూస్తూ కూర్చుంటాను.

స్క్రీన్‌షాట్ తీద్దామనుకుంటున్నారా? ఇదిగో, నొక్కాను. నల్లగా వచ్చింది. కాపీ కాకుండా తాళం వేసి ఉంటుంది. కాబట్టి ఫోన్, స్టాండ్. స్క్రీన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. రెండింటికీ ఒకే లాక్. మరీ దగ్గరగా పెడితే అలలు అలలుగా గీతలొస్తాయి, కాస్త వెనక్కి జరగండి.

ఫోటో పెట్టాను. ఎడమ ఓటీటీ, కుడి డిస్క్. పగటి సీన్, మొహం దగ్గరగా. ఏమైనా తేడా ఉందా? నాకైతే లేదు. నిజంగా లేదు. ఇక్కడ తేడా కనపడింది అనేవాళ్లని నేను నమ్మను.

తర్వాతది. నలుపు తెలుపు సీన్, వెనక గోడ. 400 శాతం పెంచుతున్నాను. కుడి వైపు రవ్వ ఉంది, సన్నగా. ఎడమ వైపు గోడ నున్నగా అయిపోయింది, సున్నం కొట్టినట్టు. చొక్కా నేత కూడా చూడండి... ఇక్కడ... ఇక్కడ. కనిపిస్తోందా?

ఇక ఇది, సినిమాలో అణుబాంబు టెస్ట్‌కి ముందు రాత్రి, వాన. ఇది ఫోటోలో కాదు, ఆడుతుండగా చూడాలి. ఓటీటీలో మూలల్లో చీకటి గడులు గడులుగా కదులుతోంది. నలుపు సాఫీగా కాకుండా మెట్లు మెట్లుగా దిగుతోంది. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్‌లో రాత్రి యుద్ధం ఎపిసోడ్‌కి ప్రపంచమంతా గోల పెట్టింది గుర్తుందా, ఏమీ కనపడటం లేదని? చీకటి, పొగ, మంచు, అన్నీ ఒకేచోట. ఆ కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్ నేను తీసింది బాగానే ఉంది, జనం టీవీలు సెట్ చేసుకోలేదు అన్నాడు. సగం నిజమే. మిగతా సగం ఈ గడులు.

సౌండ్ గురించి ఎక్కువ చెప్పను, అది వేరే వీడియో. డిస్క్‌లో ఏమీ పోగొట్టని సౌండ్ ఉంటుంది, ఓటీటీలో కుదించినది. టీవీ స్పీకర్లలో వింటే అదంతా వృథా.

నిన్న మా నాన్నగారిని కూర్చోబెట్టాను, ఏది ఏదో చెప్పకుండా. తొమ్మిదడుగుల దూరం. మొహాల సీన్లకి "రెండూ ఒకటేరా" అన్నారు. వానకి కూడా అదే మాట. పేలుడు తర్వాత పొగ లేచే సీన్ రెండుసార్లు వేశాను. కాసేపు చూసి, "మొదటి దాంట్లో పొగ పొగలా ఉంది" అన్నారు. మొదట వేసింది డిస్క్. అయిదడుగులకి జరిపి వాన మళ్లీ వేస్తే అప్పుడు గడులు ఆయనకీ దొరికాయి. కాబట్టి మీ సోఫా పన్నెండు అడుగుల్లో ఉంటే, టీవీ 43 అంగుళాలదైతే, ఈ డబ్బు దాచుకోండి.

డిస్క్ అంటే ఏదైనా గొప్పే అనుకునేవాళ్లకి ఒక మాట. ఇవి మా ఇంట్లో పాత తెలుగు డీవీడీలు. 576 గీతలే ఉంటాయి వీటిలో, మహా అయితే. అదే సినిమా ఓటీటీలో హెచ్‌డీలో శుభ్రంగా వచ్చి ఉంటే ఓటీటీలోనే చూడండి. ఇప్పటి తెలుగు సినిమాలు 4కే డిస్క్ మీద రావడమే అరుదు, కాబట్టి మనకి చాలావాటికి అసలు పోటీయే లేదు.

ఇప్పుడు ఆ వాన సీన్ మొత్తం ఒకసారి మీకు చూపిద్దామనుకున్నాను. ఎడిటింగ్‌లో కూర్చున్నాక తెలిసింది. నేను ఈ వీడియో అప్‌లోడ్ చేస్తే దీన్నీ కుదిస్తారు కదా. మీ ఫోన్‌కి వచ్చేసరికి కుడి వైపూ గడులే, ఎడమ వైపూ గడులే. ఇందాక 400 శాతం పెంచింది కూడా అందుకే. సరే, లైట్లు ఆపుతున్నాను, నేనైతే చూస్తాను. మీకు నలుపు తప్ప ఏం కనపడదు, కెమెరా కూడా ఆపేస్తున్నాను.