చిన్నబోయిన చక్రవర్తి

సభకు నమస్కారం.

నెపోలియన్ అనగానే మనకు గుర్తొచ్చేది పొట్టితనం. నిజానికి ఆయన ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు; ఆనాటి ఫ్రాన్సులో అది మామూలు ఎత్తే. ఆయన్ను లోకం కళ్లలో పొట్టివాణ్ణి చేసినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు లండన్ వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్రే.

సెయింట్ జేమ్స్ వీధిలో హానా హంఫ్రీ అనే ఆవిడ అచ్చు చిత్రాల దుకాణం నడిపేది. గిల్రే కాపురం ఆ మేడ మీదే. రాగి రేకు మీద బొమ్మ గీసి, గీతలను ఆమ్లంతో తినిపించి, అచ్చు తీసి, ఒక్కో ప్రతికీ చేత్తో రంగులద్దించేవారు. కొనే స్తోమత లేనివాళ్లు దుకాణం అద్దాల ముందు గుమిగూడేవారు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక రేకు మీద అక్షరాలన్నీ తిరగేసి రాయాలి. గిల్రే బొమ్మల నిండా మాటలే. ఆ ఓపికకు దండం పెట్టాలి.

1803 మేలో బ్రిటన్, ఫ్రాన్సుల మధ్య మళ్లీ యుద్ధం రాగానే, 'బుల్లి బోనీ' (అంటే మన నెపోలియన్ బోనపార్టే) శివాలెత్తి గదిలో సామాను తన్నేస్తున్న బొమ్మ వచ్చింది. మరుసటి నెల బొమ్మలో బ్రిటన్ రాజు మూడో జార్జి అతణ్ణి అరచేతిలో నిలబెట్టుకుని దుర్భిణితో చూస్తుంటాడు. పిట్ట కొంచెం, కూత ఘనం!

నాకు మాత్రం 1805 ఫిబ్రవరి 26 నాటి బొమ్మే ఇష్టం. బల్ల మీద పొగలు కక్కే పుడ్డింగ్ అనే తీపి వంటకం; అది భూగోళం. ఎడమ పక్క బ్రిటన్ ప్రధాని పిట్, బక్కపలచని మనిషి, నింపాదిగా సముద్రాన్ని కోసుకుంటున్నాడు. ఎదురుగా నెపోలియన్, చెయ్యి అందక కుర్చీలోంచి సగం లేచి, యూరప్ ముక్కకు కత్తి వేస్తున్నాడు. చూడండి, పెద్ద ముక్క పిట్‌దే. 1797లో ఏడాదికి 200 పౌండ్ల పింఛను గిల్రేకు గుట్టుగా ముట్టజెప్పడం మొదలుపెట్టింది ఈ పిట్ ప్రభుత్వమే. ఉప్పు తిన్నాడు సరే, కలం మాత్రం పూర్తిగా తాకట్టు పెట్టలేదు.

ఏడాది తిరగకుండానే, 1806 జనవరి 23న, పిట్ కన్నుమూశాడు. సరిగ్గా అదే తేదీతో గిల్రే మరో బొమ్మ తెచ్చాడు. అందులో నెపోలియన్ అల్లం రొట్టెలు కాల్చే వంటవాడు. పొయ్యిలోంచి జర్మన్ రాజ్యాలైన బవేరియా, వుర్టెంబర్గ్‌ల రాజులను వేడివేడిగా బయటికి లాగుతుంటాడు; వెనక మంత్రి తలీరాన్ తర్వాతి వాయికి పిండి పిసుకుతుంటాడు. పాత రొట్టెల ముక్కలు బూడిద గుంటలో పడి ఉంటాయి.