చెంబు మీద గీత

శ్రోతలకు నమస్కారం.

కర్నూలులో మా ఇంట్లో ఒక పాత సత్తు చెంబు ఉంది. వెడల్పాటి మూతి, ఒక పక్క సొట్ట. లోపలికి తొంగి చూస్తే అంచుకు రెండు వేళ్ల కింద సన్నటి గీత కనిపిస్తుంది. అంతవరకు నీళ్లు పోస్తే సరిగ్గా ఒక లీటరు. ఆ గీత గీసినవారు మా పెద్దనాన్న, గీయించింది మా పెద్దమ్మ.

పెద్దమ్మ చిన్నపిల్లల డాక్టరు. కర్నూలు వైద్య కళాశాల 1957లో మొదలైతే, ఆమె పదేళ్ల తర్వాత అందులో చేరింది. చదువయ్యాక ఉద్యోగమంతా సర్కారు ఆసుపత్రుల్లోనే. ఎండాకాలం వస్తే వార్డు నిండా విరేచనాల పిల్లలే. కళ్లు లోతుకు పోయి, మాడు గుంటపడి, ఏడ్చినా కన్నీటి చుక్క రాని పిల్లలు. తల్లులకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెర పొడి, ఇచ్చి పంపేది. నాలుగు రోజులకు వారిలో కొందరు మళ్లీ వచ్చేవారు. ఎందుకని విచారిస్తే తేలింది ఏమిటంటే, ఒక తల్లి ప్యాకెట్ మొత్తం గ్లాసు నీళ్లలో కలిపింది. ఇంకొకామె పొదుపు చేద్దామని బిందెడు నీళ్లలో చిటికెడు వేసింది. మొదటిది పిల్లవాడి ఒంట్లో ఉప్పు పెంచి ప్రమాదం తెస్తుంది, రెండోదాని వల్ల ఫలితం ఉండదు. లీటరు నీళ్లలో కలపమని ప్యాకెట్ మీద రాసే ఉంది. కానీ చదవడం రాని తల్లికి లీటరంటే ఎంతో ఎవరు చెప్పాలి? ఆమెకు తెలిసిన కొలత తన ఇంటి చెంబు.

అందుకని పెద్దమ్మ తల్లులను ఎవరి చెంబు వారిని తెచ్చుకోమంది. సీసాతో కొలిచి లీటరు నీళ్లు పోయడం, నీటి మట్టం దగ్గర గీత గీయడం. మొదటి ప్రయోగం మా ఇంటి చెంబు మీదే జరిగింది. పెద్దనాన్న లెక్కల మాస్టారు. జామెట్రీ పెట్టెలోని డివైడర్ తీసి, కన్ను నీటి మట్టానికి సమానంగా ఉండాలని మా అందరికీ పాఠం చెప్పి, పావుగంట తీసుకున్నారు. ‘నా వార్డులో ఇంత తీరిక లేదు మాస్టారూ’ అంది పెద్దమ్మ. వార్డులో మేకుతోనే కానిచ్చేది.

ఈ ఉప్పు, చక్కెర నీళ్ల వెనక పెద్ద కథే ఉంది. విరేచనాలతో పేగు ఎంత దెబ్బతిన్నా ఒక దారి మాత్రం తెరిచే ఉంటుంది. చక్కెర తోడుంటే ఉప్పు ఆ దారిన లోపలికి పోతుంది, ఉప్పు వెంట నీళ్లు పోతాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటికి పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు ఈ నీళ్లను డ్రమ్ముల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయన పోయాక, 2023లో, పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ రోజు పెద్దమ్మ పేపరు విసిరికొట్టినంత పని చేసింది. ‘బతికుండగా ఇవ్వడానికి యాభై ఏళ్లు చాల్లేదా?’ అంది. ఆమెకు కోపం ఎక్కువ. దేవత, దేవత అని ఎవరైనా కాళ్లకు మొక్కబోతే కసురుకునేది.

అవ్వలను మాత్రం ఎప్పుడూ కసురుకోలేదు. విరేచనాలవుతుంటే నీళ్లు తాగించకూడదని మన పల్లెల్లో గట్టి నమ్మకం. డాక్టరు కాదంటే అవ్వ వింటుందా? అదే అవ్వ గంజి పోయడానికి ఒప్పుకుంటుంది. ‘గంజి మంచిదే అవ్వా, కాస్త ఉప్పు వేసి చెంచా చెంచాగా పట్టు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టు. తల్లిపాలు మానిపించవద్దు’ అనేది. ప్యాకెట్‌తో పాటు జింకు బిళ్లలు పద్నాలుగు రోజులు వేయాలని తర్వాత వచ్చిన మాట. విరేచనాలు తగ్గగానే మానేస్తారని, రోజుకొక గీత గోడ మీద గీయమనేది. గీతల పిచ్చి పోలేదు!

ఇంటి సంగతి కూడా చెప్పాలి. పెద్దమ్మ పిల్లలిద్దరూ మా ఇంట్లోనే తిని పెరిగారు. అన్నయ్య మా అమ్మను అమ్మా అనేవాడు, కన్నతల్లిని డాక్టరమ్మా అనేవాడు. అందరూ నవ్వేవారు, పెద్దమ్మ కూడా. అన్నయ్యకు తట్టు పోసినప్పుడు ఆమె ఆదోని దగ్గర తట్టు టీకాల శిబిరంలో ఉంది. మూడు రాత్రులు మా అమ్మే కూర్చుంది. ఇది గొప్పగా చెప్పుకోవలసిన విషయమని నేను అనుకోను. ఆమె కూడా అనుకోలేదు.

ఆదివారాలు కోసిగి వైపు వెళ్లేది. అక్కడి కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు దిక్కుకు వలస పోతాయి, చంటిపిల్లలతో సహా. తొమ్మిది నెలలకు వేయించాల్సిన టీకా దారిలో తప్పిపోతుంది. టీకా కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి బియ్యం మూటలో పెట్టుకోమని చెప్పేది. బియ్యం మూటను ఎవరూ పోగొట్టుకోరు కదా.

2009 అక్టోబర్ 2న హంద్రీ, తుంగభద్ర కలిసి కర్నూలును ముంచెత్తాయి. పెద్దమ్మ అంతకు ముందు ఏడాదే పదవీ విరమణ చేసింది. నీళ్లు తీశాక ఊరంతా బురద, చుట్టూ నీళ్లున్నా తాగడానికి గుక్కెడు లేవు. తడిసిన కట్టెలతో నీళ్లు కాచే వీలు లేదు. క్లోరిన్ బిళ్లలు పంచుతూ, బిళ్ల వేశాక అరగంట ఆగి తాగమని గల్లీ గల్లీ తిరిగింది. ఒక ఇంట్లో బురద తోడుతున్న ఆమె తన చెంబు కడిగి చూపించిందట, గీతతో సహా. ‘నా పెద్ద కొడుకప్పుడు గీశావమ్మా, ఇప్పుడు మనవడు’ అందట. ఆ రాత్రి భోజనం దగ్గర పెద్దమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పింది. చెప్పిన మాట మళ్లీ చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

పోయిన వేసవిలో పెద్దమ్మ వెళ్లిపోయింది. పది రోజులూ ఇల్లు జనంతో నిండిపోయింది. అన్నయ్య ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఊరికి బయలుదేరేటప్పుడు వంటింట్లోకి వచ్చి, ‘అమ్మా, ఆ చెంబు నేను తీసుకుపోతాను’ అన్నాడు. మా అమ్మ ఇవ్వలేదు. సంగటికి ఎసరు దానితోనే కొలుస్తుంది. ‘కావాలంటే నీ చెంబు తెచ్చుకో, గీత గీసి ఇస్తాను’ అంది.

సంక్రాంతికి తెచ్చాడు.

సెలవు, నమస్కారం.